వేడినీళ్లు సరే, పొగకు దారేదీ?

మార్గశిరం వచ్చిందంటే మన వైపు తెల్లవారుజామున కుళాయి నీళ్లలో చెయ్యి పెట్టలేం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ సముద్ర మట్టానికి 2,000 అడుగులకు పైన ఉన్న ఊళ్లాయె! ఆ చలి పుణ్యమా అని గ్యాస్ గీజరు చాలా ఇళ్లలో చేరింది. మీట తిప్పితే చాలు, నిమిషంలో వేడినీళ్లు. కరెంటు పోయినా చింత లేదు. ఇన్ని సుగుణాలున్న వస్తువును నేనూ కాదనను. నేనడిగేది ఒక్కటే. నీళ్లు రావడానికి పైపు వేయించాం, గ్యాస్ రావడానికి ట్యూబు బిగించాం. మరి మండిన తర్వాత వెలువడే గాలి బయటికి పోవడానికి ఏ ఏర్పాటు చేశాం?

మన అమ్మమ్మల కాలంలో ఈ ప్రశ్నే లేదు. దొడ్లో కట్టెల పొయ్యి, దానిమీద అండా. పొగకు కళ్లు మండేవి, గోడ మసిబారేది. అందుకే పొయ్యి బయటే ఉండేది. కాగిన నీళ్లు లోపలికి వచ్చేవి గానీ నిప్పు వచ్చేది కాదు. ఇప్పుడు నిప్పునే స్నానాలగదిలోకి తెచ్చుకున్నాం. పొగ కంటికి కనిపించదు కాబట్టి లేదనుకుంటున్నాం.

ఉంది. మామూలు గ్యాస్ గీజరు వెలిగిందంటే వంటింటి పొయ్యి బర్నర్లు నాలుగైదు ఒక్కసారిగా మండినట్టే. చిన్న గది, తలుపుకు గడియ, చలిగాలి వస్తుందని వెంటిలేటరుకు అడ్డంగా అట్టముక్క. అలాంటి చోట అంత మంట మండితే గదిలోని ప్రాణవాయువు తగ్గిపోతుంది. గ్యాస్ పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం. ఆ తర్వాత కాళ్లలో సత్తువ పోతుంది. ప్రమాదమని తెలిసేసరికి లేచి గడియ తీసే శక్తి ఉండదు.

"వాసనేమీ రాలేదు కదా" అంటారు చాలామంది. అక్కడే మోసపోతున్నాం. సిలిండరు గ్యాసుకు వచ్చే ఆ వాసన లీకు తెలియడం కోసం కలిపింది. మంటలో అదీ కాలిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు.

ఇంట్లో ఈ గాలిని ఎక్కువగా పీల్చేదెవరో ఒక్కసారి ఆలోచించండి. పండగనాడు పిల్లలకూ పెద్దలకూ వరసగా తలంట్లు పోసి, అందరి స్నానాలూ అయ్యాక చివర్న వెళ్లేది ఇల్లాలే. అప్పటికి గంటకు పైగా గీజరు మండి ఉంటుంది. ఇక బాలింత సంగతి చెప్పనక్కర్లేదు. గాలి తగలకూడదని కిటికీ సందుల్లో కూడా గుడ్డలు కుక్కి, కాగేకాగే నీళ్లు పోసి, ఆపైన బొగ్గుల మీద సాంబ్రాణి వేస్తాం. ఆ బొగ్గుల్లోంచి వచ్చేదీ అదే విషం. కడుపుతో ఉన్న వాళ్లయితే లోపలి బిడ్డకు మరింత ముప్పు. కళ్లు తిరిగాయంటే "ఆవిరికి అయ్యుంటుందిలే, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు కదా" అనేస్తాం. ఆడవాళ్ల నీరసానికి కారణాలు వెతికే ఓపిక మనకెప్పుడుంది గనక!

అమెరికాలో ఉన్న కూతురింటికి పురుడు పోయడానికి వెళ్లొచ్చిన తల్లులు అక్కడి బట్టల డ్రయ్యరు చూసే ఉంటారు. బట్టలు ఆరబెట్టిన ప్రతిసారీ జల్లెడలో చేరిన నూగు తీసెయ్యాలి. వేడిగాలి బయటికి పోయే గొట్టం కూడా అప్పుడప్పుడు శుభ్రం చేయించాలి. ఇళ్లలో ఏడాదికి సుమారు 2,900 అగ్నిప్రమాదాలు డ్రయ్యర్ల వల్లే జరుగుతున్నాయనీ, శుభ్రం చేయకపోవడమే అందుకు మొదటి కారణమనీ 2008-2010 లెక్కల్ని బట్టి అక్కడి ప్రభుత్వ అగ్నిమాపక విభాగం తేల్చింది. అక్కడ నూగు, ఇక్కడ మసి. ఏ యంత్రమైనా దాని ముక్కు మూస్తే మన ఊపిరికే ముప్పు.

మరి ఏం చెయ్యాలి? అన్నిటికన్నా మేలైన పని, గీజరును స్నానాలగది బయట, గాలి ఆడే చోట బిగించడం. వేడినీళ్ల పైపు మాత్రం లోపలికి తెచ్చుకుంటే చాలు. సిలిండరు కూడా బయటే ఉండాలి. బయట పెట్టే వీలు అయ్యేదాకా తలుపు తీసి ఉంచి బకెట్లు నింపుకోండి, గీజరు ఆపండి, ఆ గాలి కాస్త పోయాకే స్నానానికి వెళ్లండి. వెంటిలేటరు మూయొద్దు. గాలి వచ్చే దారి లేకుండా అన్నీ మూసేసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిలే అన్న ధీమా పనికిరాదు.

మంట నీలంగా ఉండాలి. పసుపుపచ్చగా మారినా, గీజరు పైభాగంలో మసి కనిపించినా వాడకం ఆపి మెకానిక్‌ను పిలవండి. బర్నరులో దుమ్ము, సాలెగూళ్లు చేరతాయి. ఏటా దీపావళికి ఇల్లు దులిపేటప్పుడే దానికీ సర్వీసింగు చేయిస్తే చలికాలానికి సిద్ధంగా ఉంటుంది. గీజరు పైన ఉన్న కన్నాల మీద తువ్వాళ్లు ఆరేయడం, సబ్బు పెట్టెలు పెట్టడం మానాలి.

లోపలికెళ్లిన మనిషి పిలిస్తే పలకకపోతే తలుపు పగలగొట్టడానికి వెనకాడొద్దు. గీజరు కట్టేసి, తలుపులన్నీ తెరిచి, మనిషిని వెంటనే ఆరుబయటికి తెచ్చి 108కి ఫోన్ చెయ్యండి. గ్యాస్ గీజరు సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు ఈ విషాన్ని గుర్తించలేదు, అంకె బాగానే చూపిస్తుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఇదంతా చేతిలో పని కాదన్నది నిజమే. అందుకే ఇంటివాళ్లకూ చెబుతున్నాను. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయానికీ, మెడికల్ కాలేజీకీ చదువుకోను వచ్చిన పిల్లలు మన గదుల్లోనే అద్దెకుంటున్నారు. పైపు నాలుగడుగులు పొడిగించి గీజరును బయట బిగించడానికి అయ్యే ఖర్చు, ఒక తల్లి మన మీద పెట్టుకున్న నమ్మకం కన్నా పెద్దదేం కాదు.

ఇల్లు చూడ్డానికి వెళ్తే మనం కొళాయి తిప్పి చూస్తాం, స్విచ్చి వేసి చూస్తాం. ఇకమీదట స్నానాలగదిలో తలెత్తి వెంటిలేటరు కూడా చూద్దాం. లేకపోతే అడుగుదాం. మొహమాటం ఎందుకు? అడిగేది అలంకారం కాదు, ఊపిరి.