గిన్నెలు సర్దే ముందు

దసరాకు నాగపూర్ దీక్షాభూమికి, డిసెంబరు 6కు బొంబాయి చైత్యభూమికి, రెండేళ్లకోసారి మాఘ పున్నమికి మేడారం జాతరకు మన వాడల నుంచి జనం కదులుతారు. పదిమంది, ఇరవైమంది జమై పోతారు. రెండు మూడు రోజులు ఉండాలి. హోటల్లో తింటే కూడబెట్టిన కూలి డబ్బులు ఒక్కరోజుకే ఖర్చయిపోతాయి. అందుకని ఒక గదో, చిన్న ఇల్లో అద్దెకు మాట్లాడుకుని అక్కడే వండుకుంటారు. బయల్దేరే ముందురోజు వాడంతా గిన్నెల చప్పుడే.

గిన్నెలు సర్దుకోవడం కూడా ఒక రాసే విషయమేనా అని కొందరు అడగొచ్చు. రాసే విషయమే అంటాం మేం. ఈ దేశంలో కులం గుడి గడపలో ఎంతుందో అన్నంగిన్నెలో, నీళ్లచెంబులో అంతకంటే ఎక్కువుంది.

మనవాళ్లు గిన్నె వెంటబెట్టుకుని తిరగడం సరదాతో మొదలు కాలేదు. ఎవడి గిన్నే మనకు ఇయ్యరు గనక మొదలైంది. సొంతగిన్నె ఉంటే సరిపోతుందా? సరిపోదు. 1901 ప్రాంతంలో పసివాడైన అంబేద్కర్ అన్నతో, అక్క కొడుకులతో కలిసి సతారా నుంచి గోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరకు బయల్దేరాడు. మసూర్ స్టేషన్లో దిగి ఎడ్లబండిలో పోయారు. బుట్టనిండా తిండి ఉంది. తాగడానికి చుక్కనీళ్లు దొరకలేదు. మహర్ పిల్లలకు నీళ్లు పోసేవాడే లేడు. తిండిబుట్ట పక్కన పెట్టుకుని ఆ పిల్లలు పస్తులతో పడుకున్నారు. ఈ సంగతి అంబేద్కరే రాసుకున్నాడు. మన గిన్నె మనదే గాని నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయన్నది అసలు ప్రశ్న.

1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగి వచ్చిన మనవాళ్ల మీద సవర్ణులు కర్రలతో పడ్డారు. కొట్టడంతో ఆగలేదు. పందిట్లో వండిన అన్నాన్ని మట్టిపాలు చేశారు. నీళ్లు ముట్టినందుకు అన్నం మీద పగ తీర్చుకున్నారన్నమాట. అదే ఏడు డిసెంబరులో రెండో సభ పెడితే మహాడ్ వర్తకులు సరుకులు అమ్మలేదు. సభ ఆగిందా? ఆగలేదు. సరుకులన్నీ బయటి నుంచే తెచ్చుకున్నారు. డిసెంబరు 25న మనుస్మృతిని అక్కడే తగలబెట్టారు. వంటసామాను మూట కట్టుకోవడం ఉద్యమంలో భాగమని మహాడే చెప్పింది.

మన నేల మీదికే రండి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. దానికి మొదలు ఎక్కడ? తాగే నీళ్ల చెరువు దగ్గర. మా నీళ్లు పాడుచేయొద్దని అడ్డంపడి బిందె ఎత్తింది మన ఆడమనిషి. ఊరొదిలిన జనం చీరాలలో శిబిరం వేసుకున్నారు. ఆ శిబిరంలో పొయ్యి వెలగకపోతే ఆ పోరాటం నిలబడేదా?

ఇప్పటి సంగతి. గది అడగబోతే ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు, చివరకు "మీరేవుళ్లు?" అంటారు. కొందరు "శాకాహారులకే" అని బోర్డు పెడతారు. మాంసం వండొద్దనడం ఒకటి, మాలమాదిగలని తెలిసి తలుపేయడం ఒకటి. రెండోది నేరం. హోటళ్లలో, ధర్మశాలల్లో, సత్రాల్లో అందరికోసం ఉంచిన గిన్నెలను అంటరానితనం పేరుతో ముట్టనీయకపోతే 1955 పౌరహక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్ కింద నెల నుంచి ఆరునెలల దాకా జైలు. 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన అట్రాసిటీ చట్టం సవరణలోనూ ఈ గిన్నెల మాట ఉంది. దానికింద ఆరునెలల నుంచి ఐదేళ్లు. గిన్నె గురించి చట్టంలో రాయాల్సి వచ్చిందంటేనే ఈ దేశం సంగతి తెలుస్తుంది. కాబట్టి "మా గిన్నెలు మాకున్నాయిలే" అని అక్కడి గిన్నెల మీద హక్కు వదులుకోవద్దు. సొంతగిన్నె ఖర్చు తగ్గడానికి, వాడి మైల తప్పించడానికి కాదు. ఎండుచేపలో పెద్దకూరో వండుకునేటట్టయితే ముందే చెప్పి గది మాట్లాడండి. దాచి వండుకోవడం మనకెందుకు? వద్దన్నవాడికి మన డబ్బూ వద్దు. ఒప్పుకున్నవాడికే ఇద్దాం.

ఇక మూటలో ఏముండాలి? ఇరవైమందికి పూటకు నాలుగు కిలోల బియ్యం పడతాయి. ఇరవై లీటర్ల డేక్సా ఒకటి, కూరకు అందులో సగం గిన్నె ఒకటి, గంజి వార్చను సిబ్బి, రెండు గంటెలు, కత్తిపీట, మసిగుడ్డలు, మూతబిగిసే నీళ్లక్యాను, మనిషికొక పళ్లెం, గ్లాసు. కారం, పసుపు, ఉప్పు, చింతపండు ఇంటినుంచే. ఉల్లిగడ్డ, కూరగాయ అక్కడే కొనొచ్చు. గదిలో కరెంటు ఇండక్షన్ పొయ్యి ఉంటే దానిమీద సత్తుగిన్నె కాగదు. అడుక్కి అయస్కాంతం అంటుకునే గిన్నె తీసుకుపోండి. పొయ్యి ఏదో గది మాట్లాడేటప్పుడే కనుక్కోండి.

నిప్పు మాత్రం మూటలో వద్దు. 2023 ఆగస్టు 26న మధురైలో ఆగి ఉన్న రైలుపెట్టెలో, యాత్రికులు దొంగచాటుగా తెచ్చిన గ్యాస్ సిలిండర్ అంటుకుని తొమ్మిదిమంది కాలిపోయారు. రైల్లో సిలిండర్, కిరసనాయిలు తీసుకుపోతే రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. జైలు మాట అటుంచండి, అంబేద్కర్ను చూడబోయే జనం దారిలో బూడిద కావద్దు. గిన్నెలు మోసుకుపోదాం, పొయ్యి దిగినచోట కిరాయికి తీసుకుందాం.

మన ఇంట్లో మాట కూడా చెప్పుకోవాలి. గిన్నెలు సర్దేది ఎవరు? ఆడోళ్లు. మోసేది, అక్కడ వండేది, తోమేది? ఆడోళ్లే. మగోళ్లు సభలో ముందు కూర్చుంటే, అక్కలు, అమ్మలు ఉపన్యాసం అయిపోయాక చేతులు తుడుచుకుంటూ వస్తారు. దీక్షాభూమి దాకా పోయి పొయ్యిని మాత్రమే చూసి తిరిగొచ్చిన అమ్మ మన వాడల్లో లేదా? బయల్దేరకముందే వంతులు రాయండి. ఒకపూట ఆడోళ్లు వండితే ఒకపూట మగోళ్లు. సంఘం నాయకుడి పేరు గిన్నెలు తోమే వంతులో ముందు ఉండాలి.

ఇంకోమాట చేదుగా ఉన్నా చెప్పాలి. ఆ డేక్సాలో అన్నం మాలలు, మాదిగలు, రెల్లివాళ్లు, డక్కలివాళ్లు ఒకే బంతిలో తింటున్నారా? డక్కలాయనకు ఆకు దూరంగా వేస్తే మనకూ ఆ సత్రం వాడికీ తేడా ఏంటి? మనలో మనం గ్లాసులు వేరుచేసుకుంటూ ఊళ్లో హోటలువాడి రెండు గ్లాసులను తిట్టే హక్కు మనకు ఎక్కడిది?

గిన్నెలు సర్దండి. నిప్పు వదిలెయ్యండి. వంతుల కాగితం ముందు పెట్టండి. దిగినచోట నీళ్లు, నీడ హక్కుగా అడగండి. అందరూ ఒకే బంతిలో కూర్చోండి. ఆ అన్నం తిన్నాకే జై భీమ్ అనే గొంతుకు బలం.