టెండరు కంటే ముందు రావలసిన కాగితం

ప్రభుత్వ ఆసుపత్రికి కొత్త యంత్రం వచ్చిన రోజున కొబ్బరికాయ కొడతారు, రిబ్బను కత్తిరిస్తారు, మరునాడు పత్రిక జిల్లా పేజీలో ఫోటో వస్తుంది. మూడేళ్ల తరువాత ఆ యంత్రం ఎంతమంది రోగులకు ఉపయోగపడిందని అడిగేవారు మాత్రం అరుదు. నా సర్వీసులో చూసిన ఒక ఆసుపత్రిలో, మత్తు వైద్యుని పోస్టు ఖాళీగా ఉన్న కారణంగా, ఖరీదైన అనస్థీషియా యంత్రం ప్లాస్టిక్ కవరైనా తొలగించకుండా చాలాకాలం మూలన ఉండిపోయింది. వారంటీ గడువు మాత్రం తన దారిన తాను నడిచింది. యంత్రం నాసిరకం కాదు, టెండరులోనూ లోపం లేదు. దీన్ని నడిపేవారెవరు అన్న ప్రశ్న కొనుగోలు ఫైలులో ఎక్కడా లేదు, అంతే.

ఇటువంటి ప్రశ్నలను ముందుగానే, ఒక పద్ధతి ప్రకారం, లిఖితపూర్వకంగా అడగడాన్ని హెల్త్ టెక్నాలజీ అసెస్‌మెంట్ అంటారు. తెలుగులో ఆరోగ్య సాంకేతికతల మూల్యాంకనం అనవచ్చు. ఇప్పుడున్న పద్ధతితో పోలిస్తే ఈ పరికరం వల్ల రోగికి అదనంగా కలిగే మేలెంత, అందుకు అదనంగా అయ్యే ఖర్చెంత, అదే సొమ్ముతో మరోచోట ఇంతకంటే ఎక్కువ మేలు జరుగుతుందా అన్నవి ఇందులోని ముఖ్య విషయాలు. బ్రిటన్‌లో ఈ పని చేసే నైస్ సంస్థ 1999లో ఏర్పడింది. మన దేశంలో కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం పరిధిలో 2017లో హెచ్‌టీఏఇన్ మొదలైంది.

ఆ సంస్థ తొలినాళ్లలో చేపట్టిన అధ్యయనాలలో ఒకటి కంటి శుక్లానికి సంబంధించినది. మన వైపు పెద్దలు మోతిబిందు అంటారు. దీనికి ప్రధానంగా రెండు రకాల శస్త్రచికిత్సలున్నాయి. ఒకటి ఫేకో. జనం దీన్ని లేజర్ ఆపరేషన్ అంటారు గాని, నిజానికి అందులో పనిచేసేది అల్ట్రాసౌండ్. ఇందుకు ఖరీదైన యంత్రం, ప్రతి కేసుకూ కొంత వినియోగ సామగ్రి, సాధారణంగా మడతపెట్టే కటకం కావాలి. రెండవది చిన్న కోతతో చేసే పద్ధతి. మైక్రోస్కోపు, సాధారణ పరికరాలు, గట్టి కటకం చాలు. దీనికీ సాధారణంగా కుట్లు అక్కరలేదు. ప్రభుత్వ కార్యక్రమాలలో వెచ్చించిన ప్రతి రూపాయికీ ఎక్కువ ఫలితమిచ్చేది ఈ రెండవ పద్ధతేనని ఆ అధ్యయనం తేల్చింది. అంతమాత్రాన ఫేకో పనికిరానిదని కాదు. ఊరూరా శుక్లంతో చూపు మందగించి కూర్చున్న వృద్ధులుండగా, ఉన్న నిధులతో ఎక్కువమందికి చూపు ఎలా తెప్పించాలన్నది అక్కడి ప్రశ్న. ఈ లెక్క నచ్చని నేత్రవైద్య మిత్రులు నాకు కొందరున్నారు. కొత్త యంత్రంపై మోజు మా వృత్తిలో ఎవరికీ తక్కువ కాదు.

కొన్నవాటి గతి ఏమిటో కూడా చూద్దాం. జాతీయ ఆరోగ్య మిషన్ 2015లో వైద్య పరికరాల నిర్వహణ కార్యక్రమం ప్రారంభించిన సందర్భంలో దేశవ్యాప్తంగా 29,115 ఆరోగ్య కేంద్రాలలో 7,56,750 పరికరాలను లెక్కించారు. వాటి విలువ సుమారు 4,564 కోట్ల రూపాయలు. రాష్ట్రాన్ని బట్టి వాటిలో 13 నుండి 34 శాతం వరకు పనిచేయడం లేదని తేలింది. బాగుచేసే ఏర్పాటు తరువాత మెరుగుపడింది, సంతోషం. కానీ అవసరమే లేని చోటికి వచ్చిన యంత్రాన్ని ఏ మెకానిక్కూ ఉపయోగంలోకి తేలేడు.

ధర విషయంలోనూ మనం తరచూ మోసపోతాం. సాంకేతిక అర్హత పొందినవారిలో తక్కువ ధర కోట్ చేసినవారికి ఆర్డరు ఇవ్వడం ప్రభుత్వ కొనుగోళ్లలో అలవాటైన రీతి. రక్తపరీక్షల ఎనలైజరును కొన్ని కంపెనీలు దాదాపు ఉచితంగానే ఇస్తామంటాయి. తరువాత ఆ యంత్రంలో ఆ కంపెనీ రియేజెంటు తప్ప మరొకటి పనిచేయదు. పదేళ్ల రియేజెంట్లు, వారంటీ తరువాతి నిర్వహణ ఒప్పందం, విడిభాగాలు, ఏసీ, కరెంటు, టెక్నీషియన్ జీతం కలిపి చూస్తేనే అసలు ధర తెలుస్తుంది.

ఇక మా ప్రాంతం సంగతి. నస్పూర్ చుట్టూ శ్రీరాంపూర్ బొగ్గు గనులున్నాయి. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి గనుల జిల్లాలోనూ జిల్లా ఖనిజ నిధిని ఏర్పాటు చేశారు. ఆ నిధిలో కనీసం 60 శాతం అత్యంత ప్రాధాన్య రంగాలకు వెచ్చించాలని తొలి మార్గదర్శకాలు చెప్పాయి. వాటిలో వైద్యం ఒకటి. పెద్ద కొనుగోళ్లు హైదరాబాదులోని రాష్ట్ర వైద్య సేవల సంస్థ ద్వారా జరిగినా, ఈ నిధి మీద నిర్ణయాధికారం జిల్లాకే ఉంది. మంచిర్యాల జిల్లా కలెక్టరేటు ఉన్నది నస్పూర్‌లోనే. బొగ్గు దుమ్ము పీల్చినవారి పేరిట వచ్చిన సొమ్ముతో ఏ యంత్రం కొనాలన్నది ఇక్కడ తేలవలసిన విషయం.

ఒక ఉదాహరణ చూడండి. ఆయాసంతో వచ్చే మాజీ కార్మికుల కోసం సీటీ స్కానర్ కావాలని ఎవరైనా అడిగితే వినడానికి బాగుంటుంది. కానీ ఊపిరితిత్తుల శక్తిని కొలిచే స్పైరోమీటరు ధర దానితో పోలిస్తే అత్యల్పం. కావలసిందల్లా రోగి చేత సరిగా ఊదించగల శిక్షణ పొందిన మనిషి, ఛాతీ ఎక్స్‌రేను గని కార్మికుల జబ్బుల దృష్టితో చదవగల వైద్యుడు. ఆ ఇద్దరూ లేకుండా సీటీ వచ్చినా ప్రయోజనం కొంతే. అదే సీటీని పక్షవాతం కోసం అడిగితే లెక్క మారుతుంది. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోగా ఇవ్వాలి. అంతకుముందు స్కాన్ తీసి రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. ఇక్కడినుండి హైదరాబాదు 200 కిలోమీటర్లకు పైమాటే. అప్పుడు అడగవలసినవి వేరు. ఆ గడువులోగా ఎంతమంది వస్తున్నారు? రాత్రి స్కాన్ చూసి చెప్పేవారున్నారా? మందు నిల్వ ఉందా? జవాబులు అనుకూలంగా ఉంటే కొనవలసిందే. మూల్యాంకనం ప్రతిసారీ వద్దనే చెబుతుందన్నది అపోహ.

కొన్నిసార్లు మూడో దారి కనబడుతుంది. తెలంగాణ డయాగ్నస్టిక్స్ పేరిట 2021 జూన్‌లో 19 జిల్లాలలో పరీక్షా కేంద్రాలు తెరిచినప్పుడు, ప్రతి పీహెచ్‌సీకి ఒక ఎనలైజరు కొనే బదులు నమూనాలనే కేంద్రానికి పంపే విధానం ఎంచుకున్నారు. సికిల్ సెల్ పరీక్షల్లోనూ ఆదిలాబాద్ గిరిజన గూడేలకు ఇదే ఆలోచన సరిపోతుంది. అక్కడికక్కడే చేసే చౌక పరీక్ష గూడెంలో, నిర్ధారించే పెద్ద యంత్రం ఒక్కచోట.

ఇంత లెక్క వేయడానికి జిల్లాలో ఆర్థికవేత్తలెక్కడున్నారని కొందరంటారు. డెన్మార్క్‌లో ఆసుపత్రుల కోసం 26 ప్రశ్నల చిన్న పత్రం ఒకటి తయారుచేసి 2005లో ప్రచురించారు. యంత్రం అడుగుతున్న విభాగమే దాన్ని నింపుతుంది. మనకు అందులో సగం ప్రశ్నలున్నా చాలు. అడిగే వైద్యుడు, బయోమెడికల్ ఇంజనీరు, స్టోర్స్ ఫార్మసిస్టు కూర్చుంటే రెండు మూడు రోజుల పని. ఖనిజ నిధి సమావేశానికైనా, ఆసుపత్రి అభివృద్ధి సంఘానికైనా ఆ కాగితం లేని ప్రతిపాదన వెళ్లరాదు. కోవిడ్ వంటి విపత్తులో దీన్ని పక్కన పెట్టవచ్చు, తరువాత నింపవచ్చు.

పేదల వైద్యంలో పైసలు లెక్కబెడతారా అని కోపగించుకునేవారూ ఉన్నారు. లెక్క వేయకపోయినా కోత పడుతూనే ఉంది. ఎవరి వంతు తగ్గిందో మనకు కనబడదు, అంతే తేడా. మూలనపడిన యంత్రం ఖరీదులో ఎన్ని శుక్లాల ఆపరేషన్లు జరిగేవో ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఆ కాగితంలో చివర ఒక గడి తప్పనిసరిగా ఉంచాలి. కొన్న ఏడాది తరువాత ఆ యంత్రం మీద జరిగిన కేసులెన్ని, పనిచేయని రోజులెన్ని, ఆ వివరాలు రాసి సంతకం చేయవలసిన ఉద్యోగి హోదా ఏమిటి. దాని నకలును ఓపీ నోటీసు బోర్డు మీద అతికించాలి.