అద్దెబండిలో మన పెట్టెలు

2025 జూన్ 25వ తేదీన శుభాంశు శుక్లా యను మన వైమానికాధికారి అమెరికాదేశపు కెన్నడీ కేంద్రమునుండి బయలుదేరి, మరునాడు అంతర్జాతీయ అంతరిక్షకేంద్రమును జేరి, జూలై 15న క్షేమముగ సముద్రమున దిగెను. దేశమంతయు సంతోషించినది. ఆ సంతోషమున మాకును పాలు గలదు. కాని ఆయన వెంట నేగిన పెట్టెలనుగూర్చి మనలో నెందరు మాటలాడిరి? మన విజ్ఞానసంస్థలు సమకూర్చిన ప్రయోగము లేడు. బరువు తెలియని చోట పెసలు, మెంతులు ఎట్లు మొలకెత్తును, కండరకణము లెట్లు క్షీణించును, నాచుజాతు లెట్లు పెరుగును అని తెలిసికొనుట వానిలో కొన్నింటి ఉద్దేశము. పూలదండలు మనిషికి వేసితిమి. అతడు పోయిన పని ఆ పెట్టెలలో నున్నది.

ఆ పెట్టెలను మోసిన వాహన మెవరిది? పరులది. అవి దిగిన కేంద్ర మెవరిది? అదియు పరులదే. మే 29న లేవవలసిన యాత్ర, ఒకనాడు వాతావరణము బాగులేదని, ఒకనాడు రాకెట్టులో ప్రాణవాయువు కారుచున్నదని, మరియొకనాడు కేంద్రములోనే గాలి కారుచున్నదని నెలకు దగ్గరగా ఆగెను. ఆ కారణములు సహేతుకములే, మేమెవరిని నిందింపము. అయినను అద్దెబండి యెక్కినవాడు బండి కదలువరకు వాకిట కూర్చుండవలసినదే. ఈ ప్రయాణమునకు సుమారు 550 కోట్ల రూపాయలు వెచ్చించితిమని పత్రికలు వ్రాసినవి.

"అంగడిలో ఆసనములు దొరకుచుండగా సొంతబండి యేల?" అని వాదించు పెద్దమనుష్యులు మన పట్టణమునందును గలరు. 2024 సెప్టెంబరులో మంత్రివర్గము గగనయాన కార్యక్రమపు వ్యయమును 20,193 కోట్లకు పెంచుటను జూపి వీరు గుండెలు బాదుకొందురు. వీరికి 1986వ సంవత్సరమును జ్ఞప్తికి దెచ్చుచున్నాము. హైదరాబాదున చదువుకొన్న రాకేశ్ శర్మ 1984 ఏప్రిలు 3న సోవియట్ నౌకలో సల్యూట్ 7 కేంద్రమున కేగెను. తరువాత అమెరికావారి షటిలులో పంపుటకు మన శాస్త్రజ్ఞు లిరువు రెన్నుకొనబడిరి. 1986 జనవరి 28న చాలెంజరు నౌక ఏడుగురితో ఆకాశమున విచ్ఛిన్నమయ్యెను. మనవారి ప్రయాణము ఆగిపోయెను. మరల ఒక భారత పౌరుడు భూకక్ష్యలోనికి బోవుటకు 2025 రావలసివచ్చెను. కల్పనా చావ్లా పోలేదా, హైదరాబాదునుండి వలసపోయిన తండ్రికి బుట్టిన రాజాచారి 2021లో పోలేదా యందురేమో. వారిపై మాకు గౌరవము గలదు. వారు అమెరికా పౌరులుగ అమెరికా పనిమీద పోయిరి.

దూరపు దృష్టాంతములేల? సికింద్రాబాదు సర్దారు పటేలు మార్గమున నాడు జాతీయ దూరసంవేదన సంస్థ కార్యాలయ ముండెడిది. ఆ దారిన నడచినవారు మన పాఠకులలో నింకను గలరు. ఆ సంస్థవారు మొదట అమెరికావారి లాండ్‌శాట్ ఉపగ్రహమునకు రుసుము చెల్లించి, అది పంపు చిత్రములను షాద్‌నగరున పట్టుకొనుచుండిరి. మన పొలములు మనకు కనబడుటకు పరుల కన్ను కావలసివచ్చెను! 1988 మార్చి 17న మన సొంత ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్. 1ఏ లేచెను, అయితే సోవియట్ గడ్డనుండి, సోవియట్ రాకెట్టుపై. 1994 అక్టోబరు 15న మన రాకెట్టే, మన తెలుగునేల శ్రీహరికోటనుండి, మన ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. లాండ్‌శాట్ చిత్రములు కొనుటతోనే తృప్తిపడియుండినచో నేటికిని మన చెరువుల లెక్క పరుల గుమాస్తా చెప్పవలసియుండును. శుక్లా యాత్ర ఆ మొదటిమెట్టువంటిది. మెట్టు నెక్కుట మంచిదే. దానిపై చాప పరచి పండుకొనుట కాదు.

ప్రభుత్వమువారిని గూడ ఒకమాట అడుగక తప్పదు. 2022 నాటికి మన వాహనమున మనవాడు పోవునని 2018 ఆగస్టు 15న ఎర్రకోట మీదనుండి ప్రకటించిరి. ఆ గడువు దాటిపోయెను. 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో ఆపద్రక్షణ పరీక్ష నెగ్గినది. 2025 ముగియునప్పటికిని మనుష్యుడు లేవలేదు. ప్రాణములతోడి పనిలో శాస్త్రజ్ఞులను తొందరపెట్టువారము కాము. గడువులను సభలలో చాటువారే, అవి ఎందుకు దాటినవో అవే సభలలో చెప్పవలెనని మా కోరిక. 2035 నాటికి మన సొంత అంతరిక్షకేంద్రము నిలుపుదుమనియు చెప్పియున్నారు. అందులోనికి ఏ పరికరములు పోవును, వానిని ఏ విశ్వవిద్యాలయములు చేయును? ఇప్పుడే ప్రకటించిన యెడల ఉస్మానియా విద్యార్థి ఇప్పుడే పనిలో దిగగలడు. ఇక ఆ ఏడు ప్రయోగముల సంగతి: నెగ్గినవేవో, చెడినవేవో, పెసలెన్ని మొలిచినవో, మెంతులెన్ని మొలిచినవో తెలుగున అచ్చువేయించి మన పఠనమందిరములకు పంపవలెను. వెల చెల్లించినవారు చదువుటకు సిద్ధముగ నున్నారు.