గడప మీద కాపురం

చిన్నప్పుడు గడప మీద కూర్చుంటే మా అమ్మమ్మ ఊరుకునేది కాదు. "లోపలికన్నా రా, బయటికన్నా పో, మధ్యలో ఏంట్రా ఆ కూర్చోడం?" అని కసిరేది. సీ ప్రోగ్రాములు రాసే ప్రతి టీముకీ మా అమ్మమ్మ లాంటి లీడ్ ఒకరుంటే నేనీ టపా రాయాల్సిన అవసరం వచ్చేది కాదు.

సీ ప్రోగ్రాముకి మెయిన్ ఫంక్షను గడప లాంటిది. అవతల ఆపరేటింగ్ సిస్టం, ఇవతల మన పని. అది దాటడానికే గానీ కాపురం పెట్టడానికి కాదు. మరి మనం చేసేదేంటి? మొదట నాలుగు లైన్లే రాస్తాం. తర్వాత కమాండ్ లైన్ ఆప్షన్లు వచ్చి చేరతాయి. ఆ తర్వాత కాన్ఫిగ్ ఫైలు, డేటాబేసు కనెక్షను, లాగ్ ఫైలు, సిగ్నల్ హ్యాండ్లర్లు... ఏకులా వచ్చి మేకై కూర్చున్నట్టు, పదేళ్ళు తిరిగేసరికి ఆ ఒక్క ఫైలే మూడు వేల లైన్లవుతుంది.

నా వాదన సూటిగా చెప్పేస్తాను. మెయిన్ ఒక్కటే ఒక ఫైల్లో ఉండాలి. అందులో ఒకే ఒక్క కాల్ ఉండాలి. మిగతాదంతా లైబ్రరీలోకి పోవాలి. అసలు ప్రోగ్రామూ, టెస్టు ప్రోగ్రాములూ అదే లైబ్రరీకి లింకవ్వాలి. ఇదంతా "అందం కోసం చేసే పని, తీరిక ఉన్నప్పుడు చూద్దాం" అనేవాళ్ళతోనే నా పోట్లాట. ఒకప్పుడు నేనూ వాళ్ళలో ఒకణ్ణే కాబట్టి, ఈ పోట్లాట కొంత నాతో నాకే.

కొన్నేళ్ళ క్రితం ఇక్కడే మార్కమ్‌లో ఒక క్లయింటు దగ్గర బిల్లింగ్ ప్రోగ్రాము మీద పనిచేసేవాణ్ణి. పాత సీ కోడు. మా టీములోకి వరంగల్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. వర్క్ పర్మిట్ ఆ కంపెనీ పేరు మీదే ఉంది, కాబట్టి ఉద్యోగం పోతే ఇంకో చోట చేరడం అంత తేలిక కాదు. వచ్చిన రెండో వారంలోనే టెస్టులు రాస్తానని కూర్చున్నాడు. లింకరు మొహం మీదే తలుపేసింది: మెయిన్‌కి రెండు నిర్వచనాలు ఉన్నాయి, కుదరదంది.

"అన్నా, ఈ మెయిన్‌ని ఇడదీస్తే అయిపోతది. రెండు రోజుల పని, నేను చేస్త" అన్నాడు.

"పనిచేస్తున్న దాన్ని కెలకడం ఎందుకు తమ్ముడూ? ఇఫ్‌డెఫ్ పెట్టి కానిచ్చెయ్" అన్నాను నేను. అనుభవజ్ఞుణ్ణి కదా మరి!

సీ తెలియనివాళ్ళ కోసం: ఇఫ్‌డెఫ్ అంటే "టెస్టు కోసం కంపైల్ చేసేటప్పుడు ఈ ముక్క లేనట్టే అనుకో" అని కంపైలరుకి చెప్పడం. అలా మెయిన్ మొత్తాన్ని దాచేశాడు. అరవై టెస్టులు రాశాడు. అన్నీ పాసయ్యాయి.

ఆ ప్రోగ్రాముని మాంట్రియల్‌లో పెట్టాల్సి వచ్చింది. క్యూబెక్‌లో ఫ్రెంచి కదా, అక్కడ దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు. ఆ సంగతి కుర్రాడికి తెలుసు. అందుకే టెస్టులు నడిపే ముందు తన మెషీన్లో లొకేల్‌ని కెనడా ఫ్రెంచికి మార్చి మరీ నడిపాడు. మళ్ళీ అరవైకి అరవై పాస్. అంతకన్నా ఏం చేస్తాడు?

అసలు కిటుకు ఎక్కడుందంటే, మెషీన్లో లొకేల్ మార్చినంత మాత్రాన సీ ప్రోగ్రాము దాన్ని పట్టించుకోదు. మొదలయ్యేటప్పుడు ప్రతి సీ ప్రోగ్రామూ "సీ" అనే సాదా లొకేల్‌లోనే ఉంటుంది. సెట్‌లొకేల్ అనే ఫంక్షన్ని పిలిస్తేనే బయటి సెట్టింగు లోపలికి వస్తుంది. ఆ పిలుపు మా ప్రోగ్రాములో ఎక్కడుంది? మెయిన్‌లో, మొదటి లైన్లో. ఇఫ్‌డెఫ్ దాచేసిన చోట.

టెస్టుల్లో ఆ లైను నడవలేదు కాబట్టి 12.75 అనే రేటు 12.75 గానే వచ్చింది. మాంట్రియల్‌లో నడిచింది. ఎటాఫ్ ఫంక్షను కామా కోసం చూస్తూ, చుక్క దగ్గర "సంఖ్య ఇంతటితో అయిపోయింది" అనుకుని 12 చేతిలో పెట్టింది. ప్రోగ్రాము కూలిపోలేదు, ఎర్రరు రాలేదు. వారం పాటు బిల్లుల్లో సెంట్లు ఎగిరిపోయాయి. ఎగిరిపోయిన సంగతి కూడా ఎవరో లెక్కలు సరిచూస్తుంటే బయటపడింది.

మీటింగులో "ఈ టెస్టులు రాసిందెవరు?" అని అడిగారు. కుర్రాడు చెయ్యెత్తాడు. "మెయిన్‌ని విడదీస్తానంటే వద్దన్నదెవరు?" అని ఎవరూ అడగలేదు. నేనూ నోరు విప్పలేదు.

అతని కాంట్రాక్టు పొడిగించలేదు.

సరే, ఇప్పుడు వాదనలోకి వద్దాం. లింకరు ఎందుకు మొరాయించింది? ప్రోగ్రాము మొదలవగానే సిస్టం వాళ్ళ స్టార్టప్ కోడు "మెయిన్ ఎక్కడ?" అని వెతికి దాన్ని పిలుస్తుంది. టెస్టు ప్రోగ్రాముకి దాని మెయిన్ దానికి ఉంటుంది. మన బిల్లింగ్ ఫైల్లో లెక్కలు వేసే ఫంక్షన్ల పక్కనే ఇంకో మెయిన్ ఉంటే, ఆ ఫంక్షన్లు కావాలన్నప్పుడు మెయిన్ కూడా వెంటపడి వస్తుంది. ఒక ఇంటికి ఇద్దరు యజమానులు. స్టాటిక్ లైబ్రరీ చేసి తప్పించుకుందామన్నా కుదరదు. లైబ్రరీలోంచి లింకరు తనకి కావలసిన ఆబ్జెక్ట్ ఫైళ్ళనే తీసుకుంటుంది, నిజమే. కానీ తీసుకుంటే ఫైలు మొత్తం తీసుకుంటుంది, అందులోంచి ఫంక్షన్లు ఏరుకోదు. కాబట్టి మెయిన్‌ని వేరే ఫైల్లో పెట్టడం అందం కోసం కాదు, లింకరు పనిచేసే తీరే అది.

"మెయిన్ పేరు మార్చేస్తే సరిపోదా?" అంటారు కొందరు. కంపైలరుకి ఒక ఆప్షనిచ్చి టెస్టులప్పుడు మెయిన్‌ని ఇంకో పేరుతో పిలవచ్చు. ఇఫ్‌డెఫ్ కంటే ఇది నయం, కనీసం కోడు మాయమైపోదు. 2004లో మైకేల్ ఫెదర్స్ పాత కోడు మీద రాసిన 'వర్కింగ్ ఎఫెక్టివ్‌లీ విత్ లెగసీ కోడ్' పుస్తకం చదివినవాళ్ళకి ఇలాంటి ఉపాయాలు కొత్త కాదు. టెస్టులు లేని కోడుని కదిలించే ముందు ఏదో ఒక ఊతకర్ర కావాలి, ఒప్పుకుంటాను. కానీ కాలు బాగయ్యాక కూడా కర్ర వదలకపోతే ఎలా? పైగా ఆ మూడు వేల లైన్ల మెయిన్ మధ్యలో పాతిక చోట్ల ఎగ్జిట్ కాల్స్ ఉంటాయి. ఏ ఒక్కటి నడిచినా టెస్టు ప్రోగ్రాము కూడా దానితో పాటే సహగమనం.

"మొత్తం ప్రోగ్రాముని షెల్ స్క్రిప్టుతో నడిపి అవుట్‌పుట్ చూస్తే చాలదా?" అది కూడా చెయ్యాల్సిందే. కానీ మెమరీ దొరకనప్పుడో, సరిగ్గా సగం బిల్లు రాశాక డేటాబేసు తెగిపోయినప్పుడో ఏమవుతుందో బయటి నుంచి చూడాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

ఇదేదో నేను కనిపెట్టిన సిద్ధాంతం కాదు. పైథాన్ ఇంటర్‌ప్రెటరు సీ లో రాసిందే. దాని మెయిన్ చూడండి, లోపలున్న లైబ్రరీ ఫంక్షన్ని పిలిచి ఊరుకుంటుంది. గిట్ కథ ఇంకా ముచ్చటైనది. అందులో ఎక్కువ కమాండ్లు ఒకే మెయిన్ గుండా పోయినా, కొన్ని విడి ప్రోగ్రాములకి వేటి మెయిన్ వాటికే ఉండేది. మొదట్లో చెయ్యాల్సిన పనులన్నీ ప్రతిదీ గుర్తుపెట్టుకుని చెయ్యాలి. కొన్ని మర్చిపోయేవి. 2016లో అందరికీ ఉమ్మడిగా ఒకే చిన్న మెయిన్ పెట్టి, అసలు పనిని ఇంకో పేరున్న ఫంక్షనులోకి జరిపారు. లైబ్రరీల్లో తప్పులు వెతికే లిబ్‌ఫజర్ అయితే తన మెయిన్ తనే తెచ్చుకుంటుంది, మన మెయిన్ అడ్డొస్తే పని మొదలే కాదు.

కాబట్టి చెయ్యాల్సింది ఇంతే. మెయిన్ ఫైల్లో ఒక్క మెయిన్, అది "నడుపు" అనే ఒక ఫంక్షన్ని పిలిచి దాని ఫలితాన్ని తిరిగిస్తుంది. నడుపు ఎక్కడా ఎగ్జిట్ పిలవకూడదు. లొకేల్, కాన్ఫిగ్, లాగ్ లాంటి తొలి పనులన్నీ "సిద్ధం చెయ్యి" అనే ఇంకో ఫంక్షనులో ఉండాలి, టెస్టులు కూడా మొదట దాన్నే పిలవాలి. ఇది మరీ ముఖ్యం. మెయిన్‌ని విడదీసి, తొలి పనుల్ని మాత్రం గడప మీదే వదిలేస్తే మా మాంట్రియల్ బగ్గు మళ్ళీ దాక్కుంటుంది. టెస్టులు సిద్ధం ఫంక్షన్ని పిలిచి ఉంటే, ఆ రోజు కుర్రాడు లొకేల్ మార్చి నడిపినప్పుడే రేట్ల టెస్టులు ఫెయిలయ్యేవి. మందు కూడా చిన్నదే: సంఖ్యల వరకూ లొకేల్‌ని సీ లోనే ఉంచడం. ఒక్క లైను.

ఆ కుర్రాడు వెళ్ళిపోయాక మెయిన్‌ని నేనే విడదీశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. అతను చెప్పినట్టే రెండు రోజులు పట్టింది. మీటింగులో చెప్పాల్సిన మాట మేనేజరుకి మెయిల్‌లో రాశాను, నెల ఆలస్యంగా. అప్పటికి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

అతను కొన్ని నెలలు అవస్థపడి వేరే ఊళ్ళో ఉద్యోగం తెచ్చుకున్నాడు. పండగలకి ఫోన్ చేస్తాడు. "అన్నా, మంచిగున్నవా?" అంటాడు. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తడు.

ఇప్పుడు ఎవరి సీ కోడు నా దగ్గరికి రివ్యూకి వచ్చినా ముందు మెయినే తెరుస్తాను. అక్కడ ఎవరన్నా కాపురం పెట్టి కనిపిస్తే లేపి లోపలికి పంపేదాకా సంతకం పెట్టను. చాదస్తం అంటున్నారు. అననివ్వండి.