చెక్క మంచిదే, లోపలిది ఏమిటి?

సామారంగం చౌక్ నుంచి / పాతబస్తీవాసి

విజయవాడ వన్ టౌన్‌లో సరుకు కొనేవాడికి ఒక పద్ధతి ఉంది. వస్త్రలతలో చీరైనా, కాళేశ్వరరావు మార్కెట్‌లో మామిడికాయైనా ముందు చేతిలోకి తీసుకుంటాడు, అటూ ఇటూ తిప్పి చూస్తాడు, ఆ తర్వాతే ధర అడుగుతాడు. ఇంత గట్టి బేరగాడు కూడా ‘చేత్తో చేసింది’ అనే మాట చెవిన పడితే కాస్త మెత్తబడతాడు. నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇస్తాడు. మంచి గుణమే. కాకపోతే ఆ గుణం మీద ఇప్పుడు ఒక కొత్త సరుకు వ్యాపారం చేసుకుంటోంది. అదే చేత్తో చెక్కిన వేపరైజర్.

మన మందుల షాపుల్లో వేపరైజర్ అని అడిగితే జలుబుకు ఆవిరి పట్టే ప్లాస్టిక్ చెంబు తీసిస్తారు. దాని గొడవ నాకు లేదు. నేను చెప్పేది పొగాకునో, గంజాయినో, మరో ఆకునో మంట అంటకుండా వేడిచేసి, వచ్చే ఆవిరిని పీల్చే పరికరం గురించి. అమెరికాలో చిన్న చిన్న కార్ఖానాలు వీటిని మేపుల్, వాల్‌నట్, చెర్రీ కలపతో చేసి అమ్ముతుంటాయి. కాలిఫోర్నియాలో పుట్టిన మ్యాజిక్ ఫ్లైట్ లాంచ్ బాక్స్ ఇలాంటిదే. గుప్పిట్లో ఇమిడే చెక్క పెట్టె, పక్కన పెన్సిల్ సెల్ నొక్కితే లోపలి లోహపు జల్లెడ వేడెక్కుతుంది. కొన్ని రకాలకు కరెంటూ అక్కర్లేదు, లైటర్ మంట చాలు.

ఆ మధ్య అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మా బంధువుల కుర్రాడు అలాంటి పెట్టె ఒకటి నా చేతిలో పెట్టాడు. చూస్తే ముచ్చటేసింది. ఎక్కడా పదును తగలకుండా అంచులు గుండ్రంగా అరగదీశారు. మూత వేస్తే చెక్కలోని చారలు మూత మీంచి పెట్టె మీదికి తెగకుండా సాగుతున్నాయి. ఎక్కడా మెరుపు వార్నిష్ లేదు, తేనెమైనం రుద్దిన నునుపు. దాని వెంట ఓ చిన్న బ్రష్షు, తుడిచే గుడ్డ, మైనం డబ్బీ.

‘‘కాల్చడం లేదు బాబాయ్, ప్లాస్టిక్ లేదు. అంతా నేచురల్’’ అన్నాడు.

‘‘సరేరా, లోపల ఏం వేస్తావు?’’ అన్నాను.

నవ్వి ఊరుకున్నాడు. ఈ వారం ఈ వ్యాసం ఆ నవ్వు గురించే.

ముందు వాడి వాదనలో ఉన్న నిజం వాడికి ఇచ్చేద్దాం. సిగరెట్ దమ్ము లాగినప్పుడు నిప్పు దగ్గర వేడి 900 డిగ్రీల వరకూ పోతుంది. తారు, కార్బన్ మోనాక్సైడ్ ఆ కాలడంలోనే పుడతాయి. వేపరైజర్ 200 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా పనిచేస్తుంది కాబట్టి ఆ సరుకు తగ్గుతుంది. కానీ తగ్గడం వేరు, లేకపోవడం వేరు. పొగాకు వేస్తే నికోటిన్ ఎక్కడికీ పోదు. గంజాయి వేస్తే మత్తూ పోదు. 2019లో అమెరికాలో వేపింగ్ చేసినవాళ్ల ఊపిరితిత్తులు దెబ్బతిని, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆస్పత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఆ పాపంలో పెద్ద వాటా నూనె నింపి పీల్చే గొట్టాల్లో కల్తీగా కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్‌ది. దాన్ని ఆకు వేసే చెక్క పెట్టెకు అంటగట్టడం న్యాయం కాదు. కానీ అక్కడ మనుషుల్ని చంపింది పైనున్న గొట్టం కాదు, లోపల పోసింది. అసలు ప్రశ్న ఎప్పుడూ అదే.

ఇక ‘చేత్తో చేసింది, సహజమైనది’ అన్న మాట. పొగాకు విషయంలో ఈ మాటను మన తెలుగు నేల ఎప్పుడో పరీక్షించి చూసింది. గోదావరి లంకల్లో పండిన ఆకును ఎండబెట్టి, ఇంట్లో కూర్చుని చేత్తో చుట్టుకున్న చుట్ట కంటే సహజమైనది ఏముంది? మిషను లేదు, ప్లాస్టిక్ లేదు, రసాయనపు వాసన లేదు. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు ఆ చుట్టనే నిప్పు నోట్లో ఉండేలా తిప్పి పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. గాలికి ఆరదు, చాలాసేపు వస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించిన వైద్యుల అధ్యయనం 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చయింది. మిగతా చోట్ల అరుదుగా కనిపించే అంగిలి జబ్బులు అడ్డపొగ తాగేవాళ్లలో ఎలా పాతుకుపోయాయో అందులో ఉంది. చుట్ట చేత్తో చుట్టిందని అంగిలి ఏమీ కనికరించలేదు.

అందమైన పరికరంతో వచ్చే అసలు చిక్కు మరొకటి ఉంది. వికారంగా ఉన్న అలవాటును వదిలించుకోవడం తేలిక. పాత సిగరెట్ పెట్టెను నలిపి చెత్తబుట్టలో వేయడానికి ఎవడికీ మనసు నొప్పి పెట్టదు. అదే వెండి పొడుం డబ్బీనో, నగిషీ చెక్కిన హుక్కానో ఎవరు పారేస్తారు? దానికి బీరువాలో చోటు, తుడవడానికి తీరిక, నలుగురికీ చూపించే సరదా అన్నీ వచ్చి చేరతాయి. మా కుర్రాడు ఆ పెట్టెను బ్రష్షుతో దులిపి, మైనం రాసి, గుడ్డలో చుట్టి పెట్టుకునే తీరు చూస్తే దేవతార్చన పెట్టె గుర్తొచ్చింది. ఇక మానేయమంటే వాడు ఒక్క అలవాటు మానేస్తే సరిపోదు, ఒక ఆస్తిని వదులుకోవాలి. పొగను మర్యాద కింద చెలామణీ చేయడంలో కన్యాశుల్కం గిరీశం మనకు ఎప్పటి గురువో. ఆయన చేతిలో చుట్ట ఉంటే, ఈ తరం చేతిలో వాల్‌నట్ పెట్టె ఉంది. నోటి వాటం మాత్రం ఒకటే.

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగా వచ్చి, అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, నిల్వను, ప్రకటనలను నిషేధించింది. వేడిచేసి పీల్పించే ఎలక్ట్రానిక్ పరికరం ఏదైనా, అందులో నికోటిన్ ఉన్నా లేకున్నా, ఈ నిర్వచనంలోకి వస్తుంది. ఔషధాల చట్టం కింద లైసెన్సు ఉన్నవాటికే మినహాయింపు. దిగుమతికైనా అమ్మకానికైనా మొదటిసారి దొరికితే ఏడాది వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల జైలు, అయిదు లక్షల వరకూ పోతుంది. పైన టేకు చెక్క వేసినా, చందనం వేసినా లోపల సెల్లు ఉంటే లెక్క మారదు. లైటర్‌తో నడిచేది ఎలక్ట్రానిక్ కాదు కదా అంటారా, అందులో గంజాయి వేస్తే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వేరే కాచుకుని ఉంది. గంజాయి మీద మన రాష్ట్రం 2024లో ఈగల్ పేరుతో ప్రత్యేక విభాగాన్నే పెట్టింది.

ఎలక్ట్రానిక్ సిగరెట్ల చట్టంలో వంకర లేదని నేను అనను. మన కిళ్లీ కొట్టు మీద సిగరెట్టు దొరుకుతుంది, బీడీ దొరుకుతుంది, చుట్ట దొరుకుతుంది. వారధి దాటితే గుంటూరులో 1976 నుంచి కేంద్ర ప్రభుత్వ పొగాకు బోర్డు ఉంది. అన్నింటికంటే ఎక్కువ చంపే సిగరెట్టుకు లైసెన్సు, దానికంటే తక్కువ కాల్చే పెట్టెకు నిషేధం. కుర్రాళ్లు ఇది అడిగితే పెద్దవాళ్ల దగ్గర జవాబు లేదు. అయితే ఒక తప్పుకు తలుపు తీసి ఉంచాం కాబట్టి రెండోదానికీ తీయాలనడం వాదన కాదు. మొదటి తలుపు ఎప్పుడు మూస్తారని అడగాలి. ఆ మాట అడిగేవాళ్లే తక్కువ.

చేత్తో చేసిన చెక్క వస్తువు మీద మోజు నిజమైనదే అయితే అది తీరే చోటు మనకు దగ్గర్లోనే ఉంది. ఇబ్రహీంపట్నం దాటి కొండపల్లికి వెళ్లండి. తెల్ల పొణికి కర్రను సన్నని సెగ మీద ఆరబెట్టి తేమ పోగొడతారు. కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. సున్నం పూసి, ఆరాక రంగులేస్తారు. ఇంకా ఉత్తరానికి పోతే ఏటికొప్పాక. అంకుడు కర్రను తరిణి పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు ఎక్కిస్తారు. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు కదా అని అక్కడ మొక్కల నుంచి తీసిన రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చినందుకే సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. నోటి దగ్గరికి చేరే చెక్క గురించి పనివాడు పడాల్సిన శ్రద్ధ అది. పోస్టులో వచ్చే వేపరైజర్‌కు ఏ జిగురు వాడారో, వేడికి ఆ జిగురు ఏమవుతుందో మన దేశంలో తనిఖీ చేసే నాథుడు లేడు. నిషేధించిన సరుకుకు ప్రమాణాలు ఉండవు.

కాబట్టి నా తీర్పు ఇది. పనితనానికి దండం పెట్టండి, పెట్టె మాత్రం కొనకండి. ఇప్పటికే కొన్నవాళ్లు చెక్కను చూసి మురిసింది చాలు, మూత తీసి లోపల ఏముందో చూడండి. మానాలనిపిస్తే సాయానికి సిగరెట్ పెట్టె మీద అచ్చువేసి ఇస్తున్న నంబరు ఒకటుంది: 1800-11-2356. ఫోన్‌కు పైసా ఖర్చు లేదు.