పెట్టెలో ఏం పెట్టుకున్నావమ్మే?

వేసవి సంచికకు పిల్లలతో ప్రయాణం గురించి రాయమన్నారు. ఊటీకో, కొడైకెనాల్‌కో పోయేవాళ్ళకు సలహాలు చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. నాలాగా ఎండలోంచి బయల్దేరి ఇంకో ఎండలోకి పోయేవాళ్ళ సంగతి ఎవరూ రాయరు. మాకు పిల్లల బడికి సెలవులిచ్చేది మే నెలలో. నా పుట్టిల్లేమో గుడియాత్తం. ఇంకెప్పుడు పోతాం చెప్పండి?

ఆ ఊరు తెలియనివాళ్ళకు రెండు మాటలు. రాయవేలూరికి ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు దూరం, చిత్తూరు సరిహద్దుకు దగ్గర. చేనేత లుంగీలకు, అగ్గిపెట్టెలకు పేరు. బజారులో అరవం, చాలా ఇళ్ళలో తెలుగు. చుట్టూ రాతికొండలు పగలంతా కాగి, రాత్రంతా ఆ వేడిని మన మీదికే వదులుతాయి. వేలూరు వైపు మే నెలలో 40 డిగ్రీలు దాటడం వార్తే కాదు. మన పంచాంగంలో కర్తరి అనేదాన్నే అక్కడ కత్తిరి అనీ, అగ్ని నక్షత్రం అనీ అంటారు. అది మే 4 నుంచి 28 వరకు. సరిగ్గా దాని నడుమనే, అరవవాళ్ళ వైకాసి నెల మొదటి రోజున, మా ఊరి గంగమ్మ జాతర. అమ్మవారి శిరస్సును తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి గోపాలాపురం గంగమ్మ గుడికి ఊరేగిస్తారు. ఆ రోజు ఊళ్ళో లేని ఆడపడుచును ఏడాదంతా అడుగుతూనే ఉంటారు, ఎందుకు రాలేదని.

2025లో పోయాను. ఢిల్లీ నుంచి కాట్పాడికి రెండు రాత్రుల రైలు. పాపకు ఆరేళ్ళు, బాబుకు రెండు నిండాయి. నేను సర్దిన పెట్టెల సంగతి ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పాపకు జరీ అంచు పట్టులంగా, దానికి జతగా గాజులు, బాబుకు మెరుపుల షేర్వాణీ, వదినలకు చీరలు, వాళ్ళ పిల్లలకు బొమ్మలు, నాలుగు డబ్బాల మిఠాయి. మా వారు పెట్టె ఎత్తి చూసి, "ఇది పుట్టిల్లా, ఎగ్జిబిషనా?" అన్నారు. నేను పట్టించుకోలేదు. దూరాన ఉన్న కూతురు ఎలా బతుకుతోందో నాలుగిళ్ళవాళ్ళు ఆమె పిల్లల ఒంటి మీది బట్టలు చూసే చెప్పుకుంటారు. అది నాకు బాగా తెలుసు. జ్వరం మందు, దూది, థర్మామీటరు పెద్ద పెట్టెలో అట్టడుగున ఎక్కడో ఉన్నాయి. ఆ పెట్టె సీటు కింద గొలుసుతో కట్టేసి ఉంది.

రెండో రోజే రైల్లో బాబుకు విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళు మారాయో, నేను కొన్న కోసిన పండుముక్కల వల్లనో. ఇంటికి చేరాక కొంచెం తగ్గినట్టే ఉంది. మర్నాడు జాతర. పిల్లవాడు నీరసంగానే ఉన్నాడు. అమ్మ వద్దంటున్నా వినకుండా షేర్వాణీ తొడిగి చంకనేసుకుని పోయాను. అందరూ చూడాలి కదా! ఆ జనం, ఆ ఎండ, డప్పులు. తోవలో దుకాణంలో "ఓఆర్ఎస్" అని పెద్ద అక్షరాలు వేసిన రంగు డబ్బా కనిపిస్తే కొని తాగించాను. తియ్యగా ఉందేమో, ఇష్టంగా తాగాడు. ఇంకో రెండు కొన్నాను. మధ్యాహ్నానికి విరేచనాలు రెట్టింపయ్యాయి. ఏడుస్తున్నాడు, కంట్లో నీళ్ళు లేవు. పొద్దుటి నుంచి డయపరు తడవలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. తడవకపోతే మార్చే పని తప్పిందని లోలోపల సంతోషపడ్డ తల్లిని నేను!

అమ్మ గుమ్మంలోనే అందుకుంది. "ఏందిమే ఇది, బిడ్డకు ఊపిరాడేట్టుందా? ముందు ఆ జిగినీ గుడ్డలు ఊడదీయి." మా నాయన కట్టి కట్టి మెత్తబడిన లుంగీ ఒకటి నీళ్ళలో ముంచి పిండి, ఫ్యాను కింద వాడి ఒంటికి చుట్టింది. ఆటో పిలవమని తమ్ముణ్ణి తరిమింది. చుట్టూ తెరిచి పడి ఉన్న నా పెట్టెలు చూసి, "ఇన్ని మోసుకోనొచ్చినావే, బిడ్డకు కావల్సింది ఒక్కటన్నా పెట్టుకున్నావామ్మే?" అంది. కోపంతో అన్న మాట కాదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

డాక్టరుగారు పెద్దాయన. ఏం తాగించావమ్మా అని అడిగారు. గర్వంగా డబ్బా చూపించాను. ఆయన దాన్ని తిప్పి, చిన్న అక్షరాల్లో ఉన్న చక్కెర లెక్క చూపించారు. అసలైన పొడి 20.5 గ్రాముల పొట్లంలో వస్తుంది. లీటరు నీళ్ళకు ఒక పొట్లం. అందులో గ్లూకోజు 13.5 గ్రాములే, మిగిలినవి లవణాలు. పేగు గోడ ఉప్పును, గ్లూకోజును జతగా పీల్చుకుంటుంది, ఆ జత వెంట నీళ్ళు ఒంట్లోకి పోతాయి. చక్కెర మితిమీరితే పని తిరగబడుతుంది. ఒంట్లో ఉన్న నీళ్ళనే పేగులోకి లాగి విరేచనం పెంచుతుంది. నేను చేసింది అదే. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టించమన్నారు, జింకు మందు రాశారు. రాత్రి పదింటికి వాడు పక్క తడిపాడు. ఆ దుప్పటిని నేను, అమ్మ ఇద్దరం తడిమి తడిమి చూసుకున్నాం.

ఆ ఏడాదే అక్టోబరులో కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ఒక ఉత్తర్వు వేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్ళలో లేని పానీయాల మీద ఓఆర్ఎస్ అనే పేరు వేయకూడదని. దానికోసం ఏళ్ళ తరబడి పోరాడింది మన హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు. ఆ వార్త చదివి అమ్మకు ఫోన్ చేశాను. "పోనీలే, నీ ఒక్కదానికే తెలీకపోలేదు" అంది. అంతకంటే మంచి ఓదార్పు నాకు దొరకలేదు. అయినా మందుల షాపులో పొట్లం తిప్పి, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసినదని ఉందో లేదో చూసే కొనండి. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న పొట్లాలూ ఉన్నాయి, రైల్లో అవే వీలు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. పొట్లం లేని చోట, లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, గోపురంలా కాదు, అంచు సమంగా కొలిచి. ఆరు నెలలలోపు పసివాళ్ళకు ఎండకని నీళ్ళు పట్టొద్దు, తల్లిపాలే మాటిమాటికీ ఇవ్వాలి.

ఈసారి పెట్టె వేరు. అసలు పెట్టెకంటే భుజాన వేలాడే గుడ్డసంచీ ముఖ్యం. పొట్లాలు, చెంచా, థర్మామీటరు, జ్వరం మందు, కాచిన నీళ్ళు, రెండు లుంగీలు అందులోనే. అవును, లుంగీలే. నాయన పాతవి నాలుగు అడిగి తెచ్చుకున్నాను. రైల్లో పక్కబట్ట, కిటికీకి తెర, స్నానం తరువాత తువ్వాలు, తడిపితే చలువగుడ్డ. ఢిల్లీలో వెతికితే ఇంత మెత్తని గుడ్డ దొరకదు. చేతుల్లేని పలుచని నూలు జుబ్బాలు బాబుకు ఆరు కుట్టించాను. నెట్టు గౌన్లు, అడుగున నైలాను గుడ్డ వేసినవి, ఒక్కటీ లేదు. అవి చెమటకాయలకు ఆహ్వానపత్రికలు. తినడానికి మరమరాలు, అటుకులు, తొక్క తీసి తినే అరటిపళ్ళు. పొడి ఇడ్లీలు మొదటి రాత్రికే. పెరుగన్నం ఆ వేడికి మధ్యాహ్నానికే పులుస్తుంది.

ఇంకో చిన్న విషయం, పాత మేజోళ్ళు ఒక్కో జత. వేలూరు కోటలో జలకంఠేశ్వరుణ్ణి చూపించకుండా పిల్లల్ని ఎలా తీసుకొస్తాం? అరవీటి రాయలు ఏలిన చోటు కాబట్టే దానికి రాయవేలూరని పేరని మా పాపకు చెప్పాలని నా ఆశ. కానీ ఆ రాతిపరుపు మీద పిల్లలు చెప్పులు లేకుండా నడవాలి. సాయంత్రం అయిదు దాటాకే పోతాం, అయినా మేజోళ్ళు ఉంటాయి.

వదినలకు చీరలు? లేవు. ఏమనుకుంటారో అని రెండు రోజులు మథనపడ్డాను. పోయినసారి ఇచ్చినవాటిలో ఒకటి అమ్మే కడుతోందని తరువాత తెలిసిందిలెండి.

చిక్కల్లా మా పాపతోనే. పట్టులంగా పొట్టిదయినా సరే కావాలంటుంది. జాతరకు అవ్వ వాళ్ళింట్లో అందరూ కట్టుకుంటారట. నిన్న రాత్రి బేరం కుదిరింది. లంగా తెస్తాను, పొద్దున ఆరింటికి అమ్మవారి శిరస్సు బయల్దేరేటప్పుడు కట్టుకుని ఫోటో దిగుతుంది, ఇంటికి రాగానే నూలు గౌను. పెట్టెలో అన్నిటికంటే పైన అదే పెట్టాను. తీసి చూసుకుని మళ్ళీ మడతపెడుతోంది, ఇది మూడోసారి.