పాట మోగితే పైసలెవరికి?

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి లింగమంతుల జాతర. జాతరంటే పాట ఉండాల్సిందే. ఆ పాట రికార్డయి ఊరూరా మోగితే డబ్బులెవరికి? పాడినవాళ్లకే అనుకుంటారు చాలామంది. చట్టం లెక్క వేరు.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగుకు కర్త నిర్మాతే. అంటే, దాన్ని తయారు చేయించేందుకు పూనుకుని బాధ్యత తీసుకున్న మనిషి. తాతల నాటి జానపదానికి సొంతదారు లేకపోయినా, దాని కొత్త రికార్డింగుకు ఉంటాడు. విడుదలయ్యాక 60 ఏళ్లు హక్కు ఆయనదే.

ఆదాయం మూడు దారుల్లో వస్తుంది. యూట్యూబ్, పాటల యాప్‌లు ప్రకటనల్లో, చందాల్లో వాటా ఇస్తాయి. రేడియో, టీవీలు ప్రసారానికి చెల్లిస్తాయి. ఇక కోదాడ హైవే మీది హోటలైనా, మిర్యాలగూడలో బట్టల షాపైనా పాట పెట్టాలంటే లైసెన్సు తీసుకోవాలి. 1941లో పుట్టిన పీపీఎల్ లాంటి సంస్థలు సభ్య కంపెనీల తరఫున ఆ రుసుము వసూలు చేస్తాయి. సభ్యత్వం లేని చిన్న నిర్మాతకు అందులో చిల్లిగవ్వ రాదు. పెళ్లి ఊరేగింపుకు మాత్రం చట్టమే మినహాయింపునిచ్చింది.

మరి పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు? 2012 సవరణ వాళ్లను ఆదుకుంది. హక్కులు రాసిచ్చేసినా రాయల్టీలో సమాన వాటా పోదు.

చిక్కంతా కాగితం దగ్గరే. నలుగురు మిత్రులు తలా ఇంత వేసుకుని పాట చేస్తారు. ఛానల్ ఒకరి పేరున ఉంటుంది. పాట హిట్టయ్యాక పేచీ మొదలు. అందుకే స్టూడియో బిల్లు దాచుకోవాలి. ఎవరి వాటా ఎంతో మైకు ముందు నిలబడకముందే రాసుకోవాలి.